గెలిచినవాడికి గాలి తగ్గించడం న్యాయమేనా?

అభా వచ్చిన కొత్తలో నా కారుకు ఏదో జబ్బు చేసిందనుకున్నాను. కింద జిజాన్ వైపు మైదానంలో హాయిగా పరుగెత్తిన బండి, సొరంగాలు దాటుకుంటూ దిలా ఘాట్ ఎక్కి పైకి వచ్చేసరికి ఆయాసపడేది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా మునుపటి ఊపు లేదు. మెకానిక్ దగ్గరకు తీసుకెళితే అతను బానెట్ కూడా ఎత్తలేదు. నవ్వేసి, “బండికేం కాలేదు సార్, ఇక్కడ గాలి తక్కువ” అన్నాడు.

నిజమే. మా ఊరు సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైనే ఉంది. ఇంత ఎత్తులో గాలి సాంద్రత కిందికన్నా దాదాపు ఐదో వంతు తక్కువ. టర్బో లేని ఇంజిన్‌కు పీల్చుకునే గాలి ఎంత తగ్గితే బలం అంత తగ్గుతుంది. ఇంజిన్ అదే, పెట్రోలు అదే, నడిపేదీ నేనే. గాలి ఒక్కటే మారింది.

చాలా ఏళ్ల తర్వాత ఈమధ్య ఆ మెకానిక్ మాట మళ్లీ గుర్తొచ్చింది. కారణం మావాడు. ఇక్కడే పదో తరగతి చదువుతున్నాడు. వాళ్ల బడిలో ఏటా జరిగే సైన్స్ క్విజ్‌లో రెండేళ్లు వరుసగా వాడి జట్టే గెలిచింది. ఈసారి పోటీకి సరిగ్గా వారం ముందు పిలిచి, “మీరు రెండుసార్లు గెలిచారు కదా, ఈసారి మిగతావాళ్లకు అవకాశం ఇద్దాం” అని చెప్పారట. ఇంటికొచ్చి బ్యాగు మూలన పడేసి గదిలోకి వెళ్లిపోయాడు. మా ఆవిడ, “పోనీలేరా, మిగతా పిల్లలూ గెలవాలిగా” అంది. నేనూ అదే అన్నాను. వాడు తలుపు దగ్గరకొచ్చి ఒకటే మాట అన్నాడు. “డుకాటీకి చేసిందే నాకూ చేశారు నాన్నా. గెలిచానని గాలి తగ్గించారు.”

వాడికి మోటార్‌సైకిల్ రేసులంటే పిచ్చి. వరల్డ్ సూపర్‌బైక్ రేసు ఒక్కటీ వదలడు. వాడి మాటకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ వారాంతమంతా తండ్రీకొడుకులం ఆ నిబంధనల చరిత్ర మీద కూర్చున్నాం. తవ్వేకొద్దీ, ఇది బండ్ల గొడవ ఒక్కటే కాదని తెలిసింది.

వంద సీసీలన్నీ ఒకటి కాదు

మన తరంవాళ్లకు దీన్ని అర్థం చేసుకోవడానికి యమహా ఆర్‌ఎక్స్ 100 చాలు. దాని పక్కన హీరో హోండా సీడీ 100ను నిలబెట్టండి. రెండూ వంద సీసీ బండ్లే. మొదటిది 11 హార్స్‌పవర్, రెండోది ఇంచుమించు 7. కారణం తెలిసిందే. ఆర్‌ఎక్స్ టూ స్ట్రోక్, అంటే ఇంజిన్ తిరిగిన ప్రతి చుట్టుకూ ఒకసారి మండుతుంది. సీడీ ఫోర్ స్ట్రోక్ కనుక రెండు చుట్లకు ఒకసారే మండుతుంది. కాలేజీ రోజుల్లో ఈ రెండింటికీ పందెం పెట్టి “సీసీ సమానమే కదా” అంటే ఎవరైనా నవ్వేవారు.

నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కూ రెండు సిలిండర్ల ఇంజిన్‌కూ తేడా కూడా ఇలాంటిదే. పెద్ద రోకలితో దంచేవాళ్లు చిన్న రోకలి పట్టినంత వేగంగా దంచలేరు. అలాగే రెండు పెద్ద పిస్టన్లు నాలుగు చిన్న పిస్టన్లంత వేగంగా ఆడలేవు. సీసీ సమానంగా ఉంటే నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి ఎక్కువ చుట్లు తిరిగి ఎక్కువ బలం ఇస్తుంది. రెండింటినీ ఒకే రేసులో పరిగెత్తించాలంటే ఎక్కడో ఒకచోట సర్దుబాటు తప్పదు.

ఇది మనకు కొత్తేమీ కాదు. మా ప్రకాశం జిల్లా వైపు తిరునాళ్లలో ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు తెలుసు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ గిత్త వయసును బట్టి విభాగాలు ఉంటాయి. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. ఏ విభాగంలో ఏ బండో జతను కట్టకముందే అందరికీ తెలుసు. నిరుడు గెలిచిందని ఈ ఏడు ఆ జతకు బరువైన బండ కట్టరు. కడితే కర్రలు లేస్తాయి!

రెండు సిలిండర్ల రాజ్యం

వరల్డ్ సూపర్‌బైక్ పోటీలు 1988లో మొదలయ్యాయి. షోరూంలో మనమూ కొనుక్కోగలిగే బండ్లను రేసుకు సిద్ధం చేసి పరిగెత్తించడం దీని ప్రత్యేకత. అప్పటి నిబంధన ప్రకారం నాలుగు సిలిండర్ల బండి 750 సీసీ దాటకూడదు. రెండు సిలిండర్ల బండికి 1000 సీసీ వరకు వెసులుబాటు. మొదట్లో బరువులోనూ దానికి కొంత సడలింపు ఇచ్చారు. జపాన్ కంపెనీల చేతుల్లో నాలుగు సిలిండర్ల ఇంజిన్లు ఉండగా, ఇటలీకి చెందిన చిన్న కంపెనీ డుకాటీ రెండు సిలిండర్లనే నమ్ముకుంది. బలహీనుడికి చేయూత అన్నట్టుగా మొదలైన ఏర్పాటిది.

తర్వాత ఏమైందో చూడండి. 1990 నుంచి 2002 వరకు 13 సీజన్లు జరిగితే 11 టైటిళ్లు రెండు సిలిండర్ల బండ్లకే దక్కాయి. 750 సీసీ బండ్లకు దక్కినవి రెండే. 1993లో కవాసాకి మీద స్కాట్ రసెల్, 1997లో హోండా మీద జాన్ కొసిన్‌స్కీ గెలిచారు. కార్ల్ ఫోగార్టీ ఒక్కడే డుకాటీ మీద నాలుగుసార్లు ఛాంపియన్ అయ్యాడు. విసిగిపోయిన హోండా చివరకు తానే రెండు సిలిండర్ల బండి తయారుచేసింది. దాని మీద కోలిన్ ఎడ్వర్డ్స్ 2000లోనూ 2002లోనూ గెలిచాడు.

ఇక్కడ మావాడికీ నాకూ వాదన వచ్చింది. “అంటే డుకాటీ మోసంతో గెలిచినట్టేగా?” అన్నాడు. కాదన్నాను. నిబంధన అందరికీ తెరిచే ఉంది. రెండు సిలిండర్లే లాభమనుకుంటే ఎవరైనా చేసుకోవచ్చు. హోండా చేసి చూపించింది. వెసులుబాటు ఎక్కువైపోయిందని అనొచ్చేమో గానీ, దొంగతనంగా వచ్చిందని అనలేం.

2003 నుంచి నాలుగు సిలిండర్లకూ 1000 సీసీ ఇచ్చారు. ఈసారి డుకాటీ, ఇది మాకు అన్యాయమంది. 2008లో రెండు సిలిండర్లకు 1200 సీసీ ఇచ్చి, దాంతోపాటు రెండు గొలుసులు వేశారు. ఒకటి బరువు. నాలుగు సిలిండర్ల బండి కనీసం 162 కిలోలుంటే చాలు, డుకాటీ మాత్రం 168 కిలోలుండాలి. రెండోది గాలి. ఇంజిన్ గాలి పీల్చే దారిలో 50 మిల్లీమీటర్ల కంతలున్న రిస్ట్రిక్టర్లు బిగించారు. డుకాటీ ముక్కుకు అడ్డం పెట్టారన్నమాట. మా అభా కొండ నా కారుకు చేసిన పనే ఆ చిన్న రింగూ చేస్తుంది. పైగా రేసుల పాయింట్లను లెక్కగట్టి, బరువునూ కంతనూ సీజన్ మధ్యలోనే మార్చే ఏర్పాటు కూడా పెట్టారు. ఆ ఏడాది ట్రాయ్ బేలిస్ డుకాటీ మీదే గెలిచాడు. 2009లో యమహా, 2010లో ఏప్రిలియా, 2011లో మళ్లీ డుకాటీ గెలిచాయి. మూడేళ్లలో మూడు కంపెనీలు. సర్దుబాటు కుదిరిందనే అనిపిస్తుంది.

గెలిచిన వెంటనే కోత

అసలు చిక్కు తర్వాత వచ్చింది. 2015 నుంచి జొనాథన్ రే కవాసాకి మీద వరుసగా గెలుస్తుంటే, 2018లో ఒక్కో బండికి ఇంజిన్ చుట్ల పరిమితి పెట్టారు. రేసులు నడిచేకొద్దీ ఫలితాలు చూసి ఆ పరిమితిని పెంచడం, తగ్గించడం మొదలైంది. అయినా రేనే గెలిచాడు.

2019లో డుకాటీ తన సంప్రదాయం వదిలేసి నాలుగు సిలిండర్ల పానిగాలే వీ4 ఆర్ తెచ్చింది. నిమిషానికి 16,350 చుట్లు దాని పరిమితి. కవాసాకికి 14,600 మాత్రమే. ఈ అంకెలు గాల్లోంచి ఊడిపడలేదు. షోరూంలో అమ్మే బండి ఎంత తిరుగుతుందన్నదే దానికి ఆధారం. స్పెయిన్ రైడర్ అల్వారో బౌతిస్తా ఆ బండి మీద తొలి 11 రేసులూ వరుసగా గెలిచేశాడు. ఆ వరుస నడుస్తుండగానే డుకాటీకి 250 చుట్లు కోసేశారు.

తమాషా ఏమిటంటే, ఆ సీజన్‌లో బౌతిస్తా చివరకు ఛాంపియన్ కాలేకపోయాడు. దానికి 250 చుట్లే కారణమని చెప్పడం కష్టం. నడిసీజన్‌లో వరుసగా కింద పడి పాయింట్లు పోగొట్టుకున్నాడు. నిలకడగా నడిపిన రే మళ్లీ గెలిచాడు. ఆ 11 విజయాల్లో బండి వాటా ఎంత, మనిషి వాటా ఎంత? కొలిచే సాధనం ఎవరి దగ్గరా లేదు. అదే బండి మీదున్న మిగతా డుకాటీ రైడర్లు అలా గెలవడం లేదు. కానీ కోత అందరు డుకాటీ రైడర్లకూ పడింది.

2022, 2023ల్లో బౌతిస్తా మళ్లీ వచ్చి రెండుసార్లు ఛాంపియన్ అయ్యాడు. ఈసారి కొత్త వాదన మొదలైంది. అతను బక్కపలచని మనిషి. బరువు తక్కువ కాబట్టి తిన్నని దారిలో దూసుకుపోతున్నాడన్నారు. 2024 నుంచి రైడర్ బరువునూ లెక్కలోకి తెచ్చారు. దుస్తులు, హెల్మెట్‌తో కలిపి 80 కిలోలు ప్రమాణం. అంతకన్నా ఎంత తక్కువుంటే అందులో సగం బరువు బండికి కట్టాలి. డెబ్బై కిలోల మనిషికి ఐదు కిలోలు అదనమన్నమాట.

ఇది న్యాయమా? బరువైన రైడర్లకు న్యాయమే. కానీ బక్కమనిషికి కష్టాలూ ఉన్నాయి. గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగం నుంచి బండిని ఆపాలన్నా, మలుపులో పక్కకు వంచాలన్నా కండబలం కావాలి. ఆ లోటుకు ఎవరూ ఏమీ తగ్గించి ఇవ్వలేదు. పైగా నిబంధన పేరుకు అందరిదీ అయినా, అది ఎవరిని చూసి రాశారో రేసులు చూసేవాళ్లందరికీ తెలుసు. 2024లో అతను మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. బీఎండబ్ల్యూ మీద టర్కీ రైడర్ తోప్రాక్ గెలిచాడు.

మావాడు ఇక్కడ ఆగి, “నేనూ ఇదే అంటున్నా. రూలు అందరికీ అన్నారు. కానీ రెండుసార్లు గెలిచిన జట్టు మాదొక్కటే” అన్నాడు.

ఓడినవాడికి చేయూత ఎలా?

మోటోజీపీ వాళ్లూ ఇలాంటి దెబ్బలు తిన్నవాళ్లే. 2002లో పాత 500 సీసీ టూ స్ట్రోక్ బండ్లను, కొత్త 990 సీసీ ఫోర్ స్ట్రోక్ బండ్లను ఒకే రేసులో దింపారు. ఆ ఏడాది జరిగిన 16 రేసులూ ఫోర్ స్ట్రోక్ బండ్లే గెలిచాయి. ఆర్‌ఎక్స్ 100కు ఎదురుగా ఇన్నూరు సీసీ బండి దింపినట్టయింది. పాత బండ్లు నెమ్మదిగా కనుమరుగయ్యాయి.

ఇప్పుడు వాళ్ల పద్ధతి వేరు. 2024 నుంచి కంపెనీలను ఏ, బీ, సీ, డీ అని నాలుగు మెట్లుగా విభజించారు. వచ్చే అవకాశమున్న పాయింట్లలో 85 శాతం, ఆపైన సాధించిన కంపెనీ ఏ మెట్టు. 35 శాతానికి లోపు ఉంటే డీ మెట్టు. మొదట్లో డుకాటీ ఏలోనూ, హోండా, యమహా డీలోనూ ఉన్నాయి. డీలో ఉన్నవాళ్లకు పరీక్షల కోసం ఎక్కువ టైర్లు ఇస్తారు, రేసు రైడర్లతోనే ప్రాక్టీసు చేసుకోనిస్తారు, సీజన్ మధ్యలో ఇంజిన్‌ను మార్చుకోనిస్తారు. ఏలో ఉన్నవాళ్లకు ఇవన్నీ తక్కువ. కానీ రేసు మొదలయ్యాక ఎవరి ఇంజిన్‌కూ ఎవరూ అడ్డుపడరు.

తేడా గమనించారా? ముందున్నవాడి రేసు బండి బలాన్ని ఎవరూ కోయరు. సాధన చేసే అవకాశంలోనే ఎక్కువ తక్కువలు. వెనకున్నవాడు దాన్ని వాడుకుని పైకి వస్తే, మెట్టు ఎక్కి వెసులుబాటు వదులుకుంటాడు. శాతాలన్నీ ముందే అచ్చులో ఉన్నాయి కనుక ఎవరూ ఎవరినీ అనుమానించే పని లేదు.

సూపర్‌బైక్ వాళ్లు కూడా 2025లో చుట్ల కోతలు పక్కనపెట్టి ఇంధనం మీదకు వచ్చారు. ఆ ఏడాది గంటకు 47 కిలోలకు మించి ఇంధనం ఇంజిన్‌లోకి పోకూడదన్నారు. ఏ కంపెనీ అయినా, ఎన్ని చుట్లు తిరిగే ఇంజిన్ అయినా మొదలు అందరికీ ఒకటే. అవసరమైతే తగ్గించే వీలూ ఉంది. కానీ ఒక్కో బండికి ఒక్కో అంకె రాయడం కన్నా, అందరినీ ఒకే గరిటెతో కొలవడం మేలనే ఆలోచన ఇందులో కనిపిస్తుంది.

మన పక్కనే ఉన్న పాఠం

ఇంత దూరం వెతికాక, కావలసిన ఉదాహరణ మా అసీర్ ప్రాంతంలోనే దొరికింది. 2025 జనవరి 3న డాకార్ ర్యాలీ మొదలైంది ఇక్కడి బిషాలోనే. 2020 నుంచి ఈ ర్యాలీ సౌదీలో జరుగుతోంది.

డాకార్‌లో మోటార్‌సైకిళ్లకు 2011 నుంచి 450 సీసీయే హద్దు. అప్పటికి పెద్ద ఇంజిన్లతో ఏలుతున్న కేటీఎం ఇక దిగిపోతుందని చాలామంది అనుకున్నారు. కానీ చిన్న ఇంజిన్‌తోనూ కేటీఎం గెలుస్తూనే పోయింది. 2001 నుంచి 2019 వరకు జరిగిన 18 ర్యాలీలూ దానివే. 2020లో ఇక్కడ సౌదీలోనే హోండా మీద రికీ బ్రాబెక్ ఆ వరుసను తెంచాడు. అందుకు కేటీఎం ముక్కుకు ఎవరూ రింగు బిగించలేదు. హోండా ఏళ్ల తరబడి నేర్చుకుని గెలిచింది.

అదే 450 సీసీ హద్దు మన దేశపు జట్లకూ దారి ఇచ్చింది. 2024 డాకార్‌లో మన హీరో జట్టు రైడర్ రాస్ బ్రాంచ్ రెండో స్థానంలో నిలిచాడు. సత్యవేడు దగ్గర హీరో ఫ్యాక్టరీ మీదుగా వెళ్లినవాళ్లకు ఆ పేరు ఇసుక దిబ్బల మీద కనిపిస్తే కలిగే ఆనందం వేరు. ఆ ఏడాదే కేరళ కుర్రాడు హరిత్ నోవా, టీవీఎస్ షెర్కో బండి మీద మొత్తంలో 11వ స్థానంలో వచ్చి ర్యాలీ 2 విభాగంలో గెలిచాడు.

డాకార్‌లో ఇంకో చక్కని నిబంధన ఉంది. నిన్న గెలిచినవాడు ఈరోజు అందరికన్నా ముందు బయల్దేరాలి. ఎడారిలో చక్రాల జాడ ఉండదు. దారి అతనే వెతుక్కోవాలి. వెనకవాళ్లు ఆ జాడ పట్టుకుని వేగంగా వచ్చేస్తారు. అంటే గెలుపే శిక్షగా మారేది. కావాలనే నెమ్మదిగా నడిపి వెనక ఉండిపోయే ఎత్తుగడలూ వచ్చాయి. దాంతో, ముందుండి దారి తీసినవాళ్లకు కొంత సమయం బోనస్‌గా ఇవ్వడం మొదలుపెట్టారు. గెలిచినవాడి మీద సహజంగా పడే భారాన్ని గుర్తించి తిరిగి ఇచ్చే నిబంధన ఇది. గెలవకపోతేనే లాభం అనిపిస్తే ఏ ఆటా నిలబడదని వాళ్లు గ్రహించారు.

మళ్లీ మా ఇంట్లో

ఆదివారం సాయంత్రానికి మావాడూ నేనూ ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకున్నాం. నిబంధన పోటీకి ముందే చెప్పారా? అది కొలుస్తున్నది బండినా, మనిషి కష్టాన్నా? దాని కిందికి వచ్చినవాడు మళ్లీ బయటపడే దారి ఉందా?

బండలాగుడు మూడింటికీ నిలబడుతుంది. మోటోజీపీ మెట్లు దాదాపుగా నిలబడతాయి. 2019 నాటి 250 చుట్ల కోతకు సమీక్ష పద్ధతి ముందే ఉంది కానీ, రెండో ప్రశ్న దగ్గర నీళ్లు నములుతుంది. బడి నిర్ణయం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

అలాగని బడివాళ్ల ఉద్దేశం తప్పని నేను అనను. ఏటా ఒకే జట్టు గెలుస్తుంటే మిగతా పిల్లలు పేర్లివ్వడమే మానేస్తారు. ఆ సంగతి మావాడూ ఒప్పుకున్నాడు, కాస్త ఆలస్యంగా. “పోనీ మమ్మల్ని తీసెయ్యకుండా మిగతావాళ్లకు ప్రాక్టీసు ఎక్కువ ఇవ్వొచ్చు కదా. డీ మెట్టు లాగా” అన్నాడు. అది నాకు తట్టలేదు.

ఇద్దరం కలిసి బడికి ఉత్తరం రాశాం. ఈసారి తమను చేర్చుకోమని అడగలేదు. వచ్చే ఏడాది నుంచి నిబంధనలు విద్యా సంవత్సరం మొదట్లోనే చెప్పమని, నిరుటి విజేతలను పక్కనపెట్టే బదులు కొత్త జట్లకు వాళ్లతోనే తర్ఫీదు ఇప్పించమని కోరాం. ఈ ఏడాదికి నిర్ణయం మారదన్నారు. నిబంధనలు ముందే నోటీసు బోర్డులో పెడతామని, తర్ఫీదు సంగతి ఆలోచిస్తామని జవాబు వచ్చింది.

పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతున్న మనం బడి చెప్పిందానికి, ఆఫీసు చెప్పిందానికి సర్దుకుపోవడం త్వరగా అలవాటు చేసుకుంటాం. “పోనీలే” అనడం తేలిక. నేనూ అదే అన్నాను. కానీ పిల్లవాడు “ఇది న్యాయమా?” అని అడిగినప్పుడు, అవునో కాదో చెప్పే ముందు వాడితో కూర్చుని లెక్క వేసి చూడటం మన బాధ్యత. ఆ లెక్కలో అవతలివాళ్ల ఇబ్బంది కూడా వాడికి కనబడుతుంది.

క్విజ్ రోజున మావాడు ప్రేక్షకుల్లో కూర్చున్నాడు. తొమ్మిదో తరగతి జట్టు గెలిచిందట. ఇంటికొచ్చి, “రెండు ప్రశ్నలకు జవాబులు వాళ్లకన్నా ముందు నాకే తెలుసు” అన్నాడు. కాసేపాగి, “ఆ అమ్మాయి మాత్రం బాగా చెప్పింది నాన్నా. వచ్చే ఏడాది మమ్మల్ని రానిస్తే గట్టి పోటీయే” అని, టీవీ పెట్టుకుని రేసు చూడటానికి కూర్చున్నాడు.